ముందు మోకాళ్ళకు, తర్వాత చక్రాలకు

(రోలర్ డర్బీ నేర్చుకోదలచిన అమ్మాయిల కోసం, వారి తల్లిదండ్రుల కోసం బరంపురంలో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తల్లిదండ్రులకు, ఆట నేర్చుకోవాలన్న ఉత్సాహంతో వచ్చిన అమ్మాయిలందరికీ నమస్కారం. బరంపురం వారే కాక పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి, ఇటు ఇచ్ఛాపురం నుంచి కూడా కొందరు శ్రమపడి వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. రోలర్ డర్బీ గురించి మనవాళ్ళతో ఎప్పుడు మాట్లాడినా, ఆట ఎలా ఉంటుందని అడిగేకంటే ముందే ఖర్చు ఎంతవుతుందని అడుగుతారు. అది అడగవలసిన ప్రశ్నే. మామూలు సంసారంలో ఒక ఆడపిల్ల ఆటకోసం తీసిపెట్టే ప్రతి రూపాయీ ఇంట్లో మరొక అవసరాన్ని వెనక్కి నెట్టి తెచ్చినదే. అందుచేత ఏ కంపెనీ మంచిది, ఏ రంగు బాగుంటుంది అన్న చర్చలోకి వెళ్ళకుండా, చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బును ఏ వరుసలో ఖర్చు పెట్టాలన్నదే ఈ రోజు మీకు చెప్పదలచుకున్నాను. ఆ వరుసను దుకాణంవారు కాదు, ఆట నిర్ణయించాలి. ఈ ఆటలో మన శరీరంలో ఏ భాగం నేలను ముందుగా తాకుతుందో మొదటి డబ్బు దానికే వెళ్ళాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఆట తెలియనివారి కోసం కొద్దిగా చెబుతాను. 1935లో షికాగోలో లియో సెల్ట్‌జర్ అనే నిర్వాహకుడు రోలర్ డర్బీని స్కేట్ల మీద సాగే సుదీర్ఘమైన ఓర్పు పందెంగా మొదలుపెట్టాడు. ఈనాడు మనం చూస్తున్న రూపాన్ని మాత్రం 2000ల ఆరంభంలో టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరపు మహిళలు తిరిగి నిలబెట్టారు. 2004లో మొదలైన విమెన్స్ ఫ్లాట్ ట్రాక్ డర్బీ అసోసియేషన్, అంటే డబ్ల్యూఎఫ్‌టీడీఏ, రూపొందించిన నియమాలనే ఇప్పుడు ఎక్కువ జట్లు పాటిస్తున్నాయి. వాలుగా కట్టిన ఖరీదైన ట్రాక్ అక్కర లేకుండా, చదునైన నేల మీద తాడు పరిచి పైన టేపు అంటించుకుంటే ఆట స్థలం తయారవుతుందన్న ఏర్పాటే మనలాంటి ఊళ్ళకు కూడా ఈ ఆటను అందుబాటులోకి తెచ్చింది. ఒక్కొక్క జట్టు నుంచి ఐదుగురు ట్రాక్ మీద ఉంటారు. హెల్మెట్ మీద నక్షత్రం గుర్తు ఉన్న అమ్మాయిని జామర్ అంటారు, మిగిలిన నలుగురు బ్లాకర్లు. ఎదుటి జట్టు బ్లాకర్లను దాటినకొద్దీ జామర్‌కు పాయింట్లు వస్తాయి, ఆమెను దాటనివ్వకుండా తుంటితో, భుజంతో, ఛాతీతో అడ్డుకోవడం బ్లాకర్ల పని. ఒక్కొక్క జామ్, అంటే ఒక్కొక్క విడత ఆట, గరిష్ఠంగా 2 నిమిషాలు, మొత్తం ఆట 30 నిమిషాల చొప్పున రెండు భాగాలు.

ఇలాంటి ఆటలో పడిపోవడాన్ని ఎప్పుడో జరిగే ప్రమాదంగా చూడకూడదు, అది ఆటలోని రోజువారీ భాగం. కొత్తగా చేరినవారికి వేగం నేర్పడానికి ముందే పడటం నేర్పుతారు. ఒక మోకాలి మీద పడి వెంటనే లేవడం, రెండు మోకాళ్ళ మీద జారి ఆగడం, వెనుక వచ్చేవారి చక్రాల కింద వేళ్ళు నలగకుండా పిడికిళ్ళు బిగించి, శరీరాన్ని ముడుచుకుని తక్కువ చోటులో పడటం, ఇవన్నీ మొదటి పాఠాలే. ఒక్క సాయంత్రపు సాధనలోనే మోకాళ్ళు మళ్ళీ మళ్ళీ సిమెంటును తాకుతాయి. డబ్ల్యూఎఫ్‌టీడీఏ నియమాల ప్రకారం హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు, మణికట్టు గార్డులు, నోటిలో పెట్టుకునే మౌత్‌గార్డు తప్పనిసరి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ట్రాక్ మీద అడుగు పెట్టనివ్వరు, పెట్టనివ్వకూడదు కూడా.

ఇక్కడ తల్లిదండ్రులు తరచుగా అడిగే సందేహం ఒకటి ఉంది. మా పాపకు బడిలో స్కేటింగ్ నేర్పేటప్పుడే స్కేట్లు కొన్నాం కదా, మళ్ళీ ఎందుకు అంటారు. అవి చాలావరకు ఇన్‌లైన్ స్కేట్లు, అంటే చక్రాలన్నీ ఒకే వరుసలో ఉండేవి. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 2023లో మన దేశపు మహిళలు 3000 మీటర్ల రిలేలో కాంస్య పతకం గెలిచింది అలాంటి స్కేట్ల మీదనే. వేగపు పందేలకు అవి అద్భుతమైనవి. డర్బీ నియమాలు మాత్రం ముందు రెండు, వెనుక రెండు చక్రాలుండే క్వాడ్ స్కేట్లనే అనుమతిస్తాయి. పక్కకు అడుగులు వేయడానికి, ముందున్న స్టాపర్ల మీద, అంటే కాలివేళ్ళ దగ్గర బిగించిన రబ్బరు బ్రేకుల మీద, నిలబడి పరుగెత్తడానికి, దెబ్బ తగిలినప్పుడు నిలదొక్కుకోవడానికి ఆ అమరిక కావాలి. ఇంట్లో ఉన్న ఇన్‌లైన్ స్కేట్లను పారేయనక్కర లేదు, వాటి మీద అలవాటైన శరీర సమతౌల్యం ఇక్కడ కూడా ఉపయోగపడుతుంది. అయితే డర్బీకి క్వాడ్లు వేరే ఉండాలి.

ఇప్పుడు మోకాలి ప్యాడ్ల దగ్గరికి వద్దాం. దీని మీద ఎక్కువ సేపు మాట్లాడతాను, ఎందుకంటే ఎక్కువమంది తక్కువ పెట్టేది ఇక్కడే. నా ఎడమ చేతిలో ఉన్నది క్రీడా సామగ్రి దుకాణాలలో పిల్లల స్కేటింగ్ కిట్ పేరుతో మోకాలికి, మోచేతికి, అరచేతికి కలిపి ఒకే సంచిలో అమ్మే ప్యాడ్. బొటనవేలితో నొక్కి చూడండి. లోపలి స్పంజి పూర్తిగా అణిగిపోయి వెనుకనున్న వేలు తగులుతోంది. పైనున్న ప్లాస్టిక్ చిప్పను నాలుగు మూలలా చిన్న రివెట్లతో బిగించారు. దాన్ని పక్కకు తోస్తే ఒక మూల అప్పుడే లేస్తోంది. పార్కులో మెల్లగా నడిచే ఆరేళ్ళ పాపకు ఇది చాలు, డర్బీకి చాలదు. కుడి చేతిలో ఉన్నది స్కేట్‌బోర్డు ర్యాంపుల మీద ఆడేవారి కోసం చేసిన రకం. 187 కిల్లర్ ప్యాడ్స్, టీఎస్‌జీ, ట్రిపుల్ ఎయిట్ వంటి కంపెనీలు ఈ తరహావి తయారుచేస్తాయి. ఇందులో స్పంజి రెండు మూడు పొరలుగా, మోకాలిచిప్ప చుట్టూ గుంటలాగా అమర్చి ఉంటుంది. ఎంత గట్టిగా నొక్కినా వేలు వెనక్కి తగలదు, వదలగానే స్పంజి మళ్ళీ పొంగుతుంది. బయటి చిప్ప మందంగా, నున్నగా ఉండటం వల్ల సిమెంటు మీద పడినప్పుడు మోకాలు అక్కడే పట్టుకుని ఆగిపోకుండా ముందుకు జారుతుంది. ఆ జారడమే కీలు మీద పడే ఒత్తిడిని తగ్గిస్తుంది. కొన్ని రకాలలో చిప్ప అరిగిపోతే అది ఒక్కటే మార్చుకోవచ్చు. కొనేటప్పుడు కొంచెం ఎక్కువైనా ఏళ్ళ తరబడి చూసుకుంటే అదే చవక.

ప్యాడ్ వెనుక భాగం పూర్తిగా తెరుచుకుని పట్టీలతో చుట్టి బిగించుకునేది ఎంచుకోండి. కాలిలోంచి తొడుక్కునే గొట్టం లాంటిదైతే ప్రతిసారీ స్కేట్లు విప్పాలి. పరిమాణం కోసం వయసు, బరువు చూసి ఊహించవద్దు. టేపుతో తొడను, మోకాలిని తయారీదారు చెప్పిన చోట కొలిచి ఆ పట్టికతో సరిచూడండి. బిగించుకున్నాక గుంజీ తీసి, మోకాలి మీద వాలి, ప్యాడ్ కిందికి జారిందో లేదో చూడాలి. కూర్చున్నప్పుడు సరిపోయి, వంగినప్పుడు పిక్క మీదికి జారే ప్యాడ్ వల్ల ప్రయోజనం లేదు. వాలీబాల్ ఆడేవారు వేసుకునే మెత్తని మోకాలి తొడుగులు చవకగా దొరుకుతాయి కదా అని కొందరు అడిగారు. వాటికి గట్టి చిప్ప ఉండదు, సిమెంటు మీద జారవు. అయితే మంచి ప్యాడ్ లోపల అలాంటి పలుచని తొడుగు వేసుకుంటే చర్మం ఒరుసుకోకుండా ఉంటుంది, పట్టు కూడా పెరుగుతుంది.

హెల్మెట్ విషయంలో మన ప్రాంతంలో వచ్చే పొరపాటు ఆలోచన ఏమిటంటే, ఇంట్లో మోటార్ సైకిల్ హెల్మెట్ ఉంది, దాని మీద ఐఎస్‌ఐ గుర్తు కూడా ఉంది, ఇంతకంటే గట్టిది ఇంకేం కావాలి అన్నది. ఆ గుర్తు ఐఎస్ 4151 అనే ప్రమాణానికి సంబంధించినది. అది రోడ్డు మీద వాహన వేగంతో జరిగే ఒక పెద్ద ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినది. ఆ హెల్మెట్ బరువు మెడకు భారం, చెవులు మూసుకుపోయి రిఫరీ ఈల, తోటి ఆటగాళ్ళ కేకలు సరిగా వినబడవు, గడ్డం దగ్గరి గట్టి కమ్మీ ఎదుటివారి ముఖానికి తగలవచ్చు. సైకిల్ హెల్మెట్ దానికంటే నయం గాని, అందులో సాధారణంగా ఉండేది మనం థర్మోకోల్ అని పిలిచే పదార్థమే. ఒక గట్టి దెబ్బను తాను నలిగిపోయి పీల్చుకుంటుంది, నలిగిన చోట మళ్ళీ పొంగదు. డర్బీలో చిన్న చిన్న దెబ్బలు పదే పదే తగులుతాయి కాబట్టి స్కేట్‌బోర్డు, రోలర్ స్కేటింగ్ కోసం చేసిన హెల్మెట్ కావాలి. లోపల అతికించిన చీటీ మీద ఏఎస్‌టీఎం ఎఫ్1492 అని ఉంటే అది స్కేట్‌బోర్డు ప్రమాణం. యూరప్ ప్రమాణమైన ఈఎన్ 1078 సైకిల్, స్కేట్‌బోర్డు, రోలర్ స్కేట్ల వారందరికీ వర్తిస్తుంది. సీపీఎస్‌సీ అని ఉంటే అది అమెరికా సైకిల్ ప్రమాణం. ఎఫ్1492, సీపీఎస్‌సీ రెండూ ఉన్న హెల్మెట్ దొరికితే మరీ మంచిది. ఏ చీటీ లేని హెల్మెట్ ఎంత అందంగా ఉన్నా, ఎంత చవకగా ఉన్నా తీసుకోకండి.

తల చుట్టుకొలతను నుదుటి మీదుగా, కనుబొమలకు కొంచెం పైన, టేపుతో తీసుకుని ఆ కొలతకు సరిపోయేది తెచ్చుకోవాలి. పెట్టుకున్నాక అంచు కనుబొమలకు పైన రెండు వేళ్ళ ఎడంలో ఉండాలి, తల అటూ ఇటూ విదిలిస్తే హెల్మెట్ తలతో పాటే కదలాలి. మన అమ్మాయిల విషయంలో ఇక్కడ ఒక ప్రత్యేకమైన మాట చెప్పాలి. కొప్పు ముడి పైకి వేసుకున్నా, క్లిప్పులు పెట్టుకున్నా హెల్మెట్ తల మీద పూర్తిగా దిగదు, దెబ్బ తగిలినప్పుడు ఆ క్లిప్పే తలలో గుచ్చుకుంటుంది. మెడ దగ్గర నుంచి వదులుగా ఒక జడ వేసుకుని, చివర మెత్తని రబ్బరు బ్యాండు పెట్టుకుని, జడను చొక్కా లోపలికి దోపుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు. గాజులు, గొలుసులు, చెవి రింగులు, పట్టీలు ఇంట్లోనే తీసి రావాలి. ముక్కుపుడక తీయడానికి ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోకపోతే, ఎందుకు తీయాలో వాళ్ళను సాధన చూడటానికి తీసుకొచ్చి చూపించండి. కళ్ళారా చూసినవారు కాదనరు.

మణికట్టు గార్డుల పని ఒక్క మాటలో చెప్పవచ్చు. పడేటప్పుడు చేయి చాచి నేలను ఆనడం మనిషి సహజ ప్రవృత్తి, ఆ క్షణంలో శరీర బరువంతా మణికట్టు ఎముకల మీద పడి అవి విరుగుతాయి. అరచేతి వైపు, పైవైపు కూడా గట్టి పట్టీలు ఉన్న గార్డు మణికట్టు వెనక్కి విరగకుండా అడ్డుకుంటుంది. కొత్తవారికి ఆ ప్రవృత్తి ఇంకా పోలేదు కాబట్టి పాతవారి కంటే వీరికే ఇవి ఎక్కువ అవసరం. మోచేతి ప్యాడ్లలో మధ్యరకం తీసుకున్నా ఫరవాలేదు, జారకుండా నిలిస్తే చాలు. మౌత్‌గార్డు వేడి నీళ్ళలో మెత్తబరిచి పళ్ళతో కరిచి అచ్చు తీసుకునే రకం బాక్సింగ్ సామగ్రి అమ్మేచోట దొరుకుతుంది. అది పెట్టుకుని మాట్లాడగలగాలి, నీళ్ళు తాగగలగాలి. పళ్ళకు తీగలు వేసుకున్న అమ్మాయిలు మాత్రం దంతవైద్యుని అడగకుండా కొనవద్దు.

ఇవన్నీ కొన్నాక గాని స్కేట్ల గురించి ఆలోచించవద్దని చెబితే మీలో కొందరికి వింతగా అనిపించవచ్చు. స్కేట్లు లేకుండా స్కేటింగ్ ఏమిటి అంటారు. కాని స్కేట్లు అరువు తెచ్చుకోవచ్చు, నలుగురు కలిసి కొని వంతుల వారీగా వాడుకోవచ్చు. మౌత్‌గార్డు ఎవరిది వారికే ఉండాలి, కొలతకు కుదరని ఇంకొకరి ప్యాడ్ నమ్మదగినది కాదు. పడటం, లేవడం, మోకాళ్ళు వంచి కూర్చున్నట్టు నిలబడటం వంటి మొదటి పాఠాలకు ఉమ్మడి స్కేట్లు చాలు. ఆ కొద్ది కాలంలో అమ్మాయికి ఆట మీద నిజంగా మనసు ఉందో లేదో మీకూ తెలుస్తుంది, ఆమెకూ తెలుస్తుంది.

సొంత స్కేట్లు కొనే రోజు వచ్చినప్పుడు చూడవలసినవి బూటు, దాని కింద బిగించిన ప్లేటు, ముందున్న స్టాపర్, చక్రాలు, బేరింగులు. వీటిలో చక్రాలు, బేరింగులు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. స్టాపర్‌ను మార్చుకోవచ్చా లేదా అన్నది ప్లేటును బట్టి ఉంటుంది. బూటు కుదరకపోతే మాత్రం స్కేటు మొత్తం పనికిరాదు. అందువల్ల చేతిలో ఉన్న డబ్బులో పెద్ద వంతు బూటు, ప్లేటు మీద పెట్టి, వాటితో వచ్చిన చక్రాలు మామూలువి అయినా సరిపెట్టుకోండి.

బూటు డర్బీకి చీలమండ కింది వరకే ఉండే పొట్టి రకం అనువైనది. కళాత్మక స్కేటింగ్ వారు వాడే బూటు చీలమండ పైదాకా గట్టిగా పట్టి ఉంచుతుంది, మడమ ఎత్తుగా ఉంటుంది. గ్వాంగ్‌ఝౌలో 2010 ఆసియా క్రీడల్లో మన తెలుగు క్రీడాకారుడు అనూప్ కుమార్ యామ కాంస్య పతకాలు గెలిచిన విభాగం అదే. గాలిలో తిరిగి దిగేవారికి ఆ పట్టు కావాలి. డర్బీలో మోకాళ్ళు బాగా వంచి, బరువు కిందికి దించి, చీలమండను అన్ని వైపులకు తిప్పుతూ ఉండాలి కాబట్టి ఆ బూటు అడ్డుపడుతుంది. పాత కళాత్మక స్కేట్లు ఎవరైనా ఇస్తే తొలి రోజులకు వాడుకోండి, డబ్బు పెట్టి కొనకండి. మామూలు బూటు మీద పట్టీలతో బిగించి, పొడవు పెంచుకునే ఇనుప చట్రపు అడ్జస్టబుల్ స్కేట్ల విషయంలో నా మాట ఇంకా ఖచ్చితం. అవి మెల్లగా చక్రాల మీద నిలబడటానికి బాగుంటాయి. పక్కనుంచి ఒకరు భుజంతో తోసినప్పుడు కాలు చట్రం మీద కదిలిపోతుంది కాబట్టి డర్బీలో వాటితో ఢీకొనే సాధన చేయించకూడదు.

పాదం కొలత తీసుకునే పద్ధతి ఇక్కడే చూపిస్తాను, ఈ అమ్మాయి ఒకసారి ముందుకు రావాలి. సాయంత్రం పూట, పాదం కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు, ఆటలో వేసుకునే పలుచని మేజోడుతో గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబడాలి. పెన్సిలును నిట్టనిలువుగా పట్టుకుని పాదం చుట్టూ గీయాలి. వాలుగా పట్టుకుంటే గీత పాదం కిందికి వెళ్ళి కొలత తగ్గుతుంది. గోడ నుంచి పొడవైన వేలి చివరకు ఎన్ని మిల్లీమీటర్లు, వేళ్ళ మొదట్లో వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లు అన్నవి రెండు పాదాలకూ విడివిడిగా రాయాలి. చూశారా, ఈమె కుడి పాదం ఎడమదానికంటే కొద్దిగా పొడవుంది. చాలామందికి ఇలాగే ఉంటుంది, పెద్ద పాదానికే బూటు తీసుకోవాలి. వెడల్పు కొలత మనకు ముఖ్యం. చిన్నప్పటి నుంచి చెప్పులతో, ఉత్త కాళ్ళతో పెరిగిన పాదాలు వేళ్ళ దగ్గర విశాలంగా ఉంటాయి, సన్నని అచ్చు మీద కుట్టిన బూట్లు వాటిని నొక్కుతాయి. అమెరికా సైజు, యూరప్ సైజు, మన సైజు అంకెలు ఒకదానితో ఒకటి కలవవు, పురుషుల సైజు, స్త్రీల సైజు కూడా వేరు వేరు. మిల్లీమీటర్లు మాత్రం ఎక్కడైనా ఒకటే. బూటు వేసుకుని నిలబడినప్పుడు వేళ్ళు ముందు అంచును తాకీ తాకనట్టు ఉండాలి, మోకాళ్ళు వంచగానే కొంచెం వెనక్కి జరగాలి, మడమ లేవకూడదు. పెరిగే వయసు కదా అని రెండు సైజులు పెద్దది కొంటే కాలు లోపల జారి బొబ్బలెక్కుతుంది, దెబ్బ తగిలినప్పుడు చీలమండ మెలిక పడుతుంది.

ప్లేటు గురించి ఎక్కువ మాట్లాడను. కొత్తవారికి గట్టి నైలాన్ ప్లేటు చాలు, అల్యూమినియం ప్లేటు బరువైన ఆటగాళ్ళకు, అనుభవం వచ్చినవారికి తర్వాత చూసుకోవచ్చు. కాని స్టాపర్ ఎత్తు సరిచేసుకునేలా మరతో తిరిగేదై ఉండాలి. ఒకే బోల్టుతో కదలకుండా బిగించిన స్టాపర్ ఉన్న స్కేట్లు చూడటానికి ఎంత బాగున్నా వదిలేయండి. డర్బీలో లేచి పరుగెత్తడం, వెనక్కి తిరిగి ఆగడం చాలావరకు స్టాపర్ మీదనే నడుస్తాయి, అది అరిగినకొద్దీ కిందికి దించుకోవాలి. అమెరికాలో రీడెల్ కంపెనీ ఆర్3 అనే నమూనా ఎంతోమంది డర్బీ ఆటగాళ్ళకు తొలి స్కేటు అయింది. దిగుమతి చేసుకుంటే రవాణా, కస్టమ్స్ సుంకం కలిసి ధర బాగా పెరుగుతుంది కాబట్టి, ఆ తరహా బూటు, నైలాన్ ప్లేటు, మర స్టాపర్ ఉన్న స్కేటు మన దేశంలో ఎవరి దగ్గర ఉందో ముందు వెతకండి. విశాఖపట్నం మనకు దగ్గర. అక్కడ స్కేటింగ్ నేర్చుకునే కుటుంబాల దగ్గర పిల్లలు ఎదగడం వల్ల పక్కన పెట్టిన మంచి స్కేట్లు దొరుకుతాయి. పాత స్కేట్లు కొనవచ్చు, పాత ప్యాడ్లు స్పంజి నొక్కి చూసి కొనవచ్చు, పాత హెల్మెట్ మాత్రం ఎన్నడూ కొనవద్దు. అది లోపల ఎన్ని దెబ్బలు తిన్నదో పైకి కనబడదు.

చక్రాల సంగతి మన ఊరి నేలలను బట్టి చెప్పాలి. గట్టిదనాన్ని 78ఎ, 88ఎ, 95ఎ ఇలా అంకెతో చెబుతారు, అంకె పెరిగినకొద్దీ చక్రం గట్టిది. మెత్తని చక్రం నేలను పట్టుకుంటుంది, గరుకుదనాన్ని మింగేస్తుంది. గట్టి చక్రం వేగంగా దొర్లుతుంది, నున్నని నేల మీద జారుతుంది. పేరున్న డర్బీ క్రీడాకారిణులు చెక్క నేల మీద 90ల అంకెలున్న చక్రాలు వాడతారని చదివి మన పిల్లలు కూడా అవే కావాలంటారు. మనకు దొరికేది బడి ఆవరణలోని బాస్కెట్‌బాల్ కోర్టు, కల్యాణ మండపం ముందు సిమెంటు, ఎండకు పగుళ్ళిచ్చిన గచ్చు. వీటి మీద 78ఎ నుంచి 85ఎ వరకు ఉన్న పాలీయూరిథేన్ చక్రాలు, 62 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వ్యాసంతో, కొత్తవారి పాదాలకు సుఖంగా ఉంటాయి. గ్రానైటు, టైల్సు పరిచిన హాళ్ళలో నేర్పవద్దు. వాన కాలంలో ఆ నేల మీద చెమ్మ తేలితే ఏ చక్రమూ పట్టదు. చవక స్కేట్లతో వచ్చే గట్టి ప్లాస్టిక్ చక్రాలను గుర్తుపట్టడం తేలిక. గోటితో గట్టిగా నొక్కితే కొంచెమైనా లొంగవు, సిమెంటు మీద గలగలలాడతాయి. వాటిని తొలి అవకాశంలోనే మార్చండి. కొన్నేళ్ళ పాటు డబ్ల్యూఎఫ్‌టీడీఏ కనీస నైపుణ్యాలలో 5 నిమిషాలలో 27 చుట్లు తిరగాలన్న షరతు ఉండేది. అంత దూరం వెళ్ళాక గాని చక్రాల సూక్ష్మాలు మీ వేగంలో తేడా చూపించవు.

ఒక్కొక్క చక్రంలో రెండు చొప్పున ఒక జతకు 16 బేరింగులు. వాటి మీద ఏబెక్ 5, ఏబెక్ 7, ఏబెక్ 9 అని అంకె వేసి ధర పెంచుతారు. అది వేగంగా తిరిగే యంత్రాల కోసం పెట్టిన కొలత సూక్ష్మత ప్రమాణం, మనిషి కాలి వేగానికి ఆ తేడా దాదాపు తెలియదు. శుభ్రత మాత్రం తెలుస్తుంది. ఎక్కువ స్కేట్లలో ఉండేది 608 అనే రకం, లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 22 మిల్లీమీటర్లు. మోటార్ల బేరింగులు అమ్మే ఏ దుకాణంలోనైనా 608 అని అడిగితే ఇస్తారు. ఇరుసు 7 మిల్లీమీటర్లది అయితే 627 అని అడగాలి. కొనే ముందు మీ ఇరుసును కొలిపించుకోండి. గోపాల్‌పూర్ సముద్రపు గాలి మన ఊరి దాకా వస్తుంది, ఉప్పు తేమకు బేరింగులు త్వరగా తుప్పు పడతాయి. సాధన అయ్యాక స్కేట్లను సంచిలో మూసి పెట్టకుండా ఆరనివ్వాలి. చక్రం గరగరలాడితే బేరింగు తీసి, మూత విప్పి, మురికి కడిగి, పూర్తిగా ఆరాక కుట్టుమిషన్ నూనె ఒకటి రెండు చుక్కలు వేయాలి. అంతకు మించి వేస్తే దుమ్ము పట్టుకుంటుంది. రబ్బరు మూతలతో గ్రీజు నింపి వచ్చే బేరింగులు మొదట కొంచెం బరువుగా తిరిగినా మన వాతావరణంలో ఎక్కువ కాలం నిలుస్తాయి, నేను వాటినే మెచ్చుకుంటాను.

బూటు ముందు భాగం నేలకు రాసుకుని తోలు చిరుగుతుంది. అందుకోసం విదేశాలలో తొడుగులు అమ్ముతారు, అవి తెప్పించుకోనక్కర లేదు. మన వీధిలో చెప్పులు కుట్టే అతనికి స్కేటు చూపించి, స్టాపర్ కాడ పట్టేలా ఒక రంధ్రం ఉంచి మందపాటి తోలు ముక్క కుట్టి ఇమ్మంటే ఇస్తాడు. ప్యాడ్లను వారానికొకసారి చేతితో ఉతికి, నేరుగా ఎండలో కాక గాలి తగిలే నీడలో ఆరవేయండి. ఎండకు స్పంజి పెళుసెక్కుతుంది, ఆరకపోతే చర్మానికి దురద, కురుపులు వస్తాయి. ప్రతి సాధనకు ముందు చక్రాల నట్లు, స్టాపర్ నట్టు చేతితో ఒకసారి తిప్పి చూసుకోవాలి. నట్టు బాగా బిగించి, చక్రం స్వేచ్ఛగా తిరిగేంత వరకు కొద్దిగా వదలాలి.

పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం నుంచి వచ్చినవారు ఒక్కొక్కరూ విడిగా తెప్పించుకుంటే ప్రతి పార్సిలుకూ రవాణా ఖర్చు వేరే పడుతుంది, సైజు తేడా వచ్చినప్పుడు తిప్పి పంపడం ఇంకా భారం. కాబట్టి ఊరికొకరు బాధ్యత తీసుకుని అందరివీ కలిపి తెప్పించండి. తల చుట్టుకొలత, తొడ కొలత, రెండు పాదాల పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో రాసుకోవడానికి వెనుక బల్ల మీద టేపులు, కాగితాలు, పెన్సిళ్ళు ఉన్నాయి. ఇప్పుడే కొలుచుకోండి, సందేహం ఉన్నవారి కొలత నేను స్వయంగా చూస్తాను. హెల్మెట్లు, మోకాలి ప్యాడ్లు మొదటి విడతలో తెప్పిద్దాం, మణికట్టు గార్డులు, మోచేతి ప్యాడ్లు, మౌత్‌గార్డులు కూడా వాటితోనే రావాలి. స్కేట్ల జాబితాను ఉమ్మడి స్కేట్ల మీద పడటం, లేవడం నేర్చుకున్నవారి పేర్లతో ఆ తర్వాత రాద్దాం.